నాచారంలో ఓ పాస్తా సాయంత్రం

సాయంత్రం ఆరు దాటిందంటే చాలు... నాచారంలో రెండు ఊళ్లు ఎదురెదురు పడతాయి. ఒకటి కంపెనీ గేట్లలోంచి బయటికొచ్చే ఊరు. చేతిలో టిఫిన్ బాక్సు, జేబులో ఐడీ కార్డు, చెప్పులకు ఫ్యాక్టరీ దుమ్ము. రెండోది హబ్సిగూడ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటోల్లో వచ్చే ఊరు. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మొదటి ఊరు ఇంటికెళ్లి పొయ్యి వెలిగించే వేళకు రెండో ఊరు ఫోన్‌లో ‘ఏం ఆర్డరిద్దామా’ అని వెతుకుతుంటుంది. ఈ రెండు ఊళ్ల మధ్య, మిర్చీబజ్జీల బండి పక్కనుంచి మెట్లెక్కితే, మొదటి అంతస్తులో ఎర్రగళ్ల గుడ్డలు పరిచిన ఎనిమిది టేబుళ్లు. అదో చిన్న ఇటాలియన్ రెస్టారెంటు.

ఓ శనివారం సాయంత్రం ఆ మెట్లెక్కిన జంట మాత్రం మొదటి ఊరివాళ్లే. ఆయన పారిశ్రామికవాడలోని ఓ మందుల కంపెనీలో మెషిన్ ఆపరేటర్. పదహారేళ్లుగా అదే గేటు, అదే పంచింగు. ఆమె దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో చిన్న తరగతులకు లెక్కలు చెబుతుంది. నల్గొండ జిల్లా నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డ కుటుంబం. పెళ్లయి పదిహేనేళ్లు. ఈ పదిహేనేళ్లలో హోటల్‌కు వెళ్లలేదని కాదు. వెళ్లినప్పుడల్లా అత్తయ్య, పాప, ఊరి నుంచి వచ్చిన బంధువులు... నలుగురైదుగురికి తక్కువ కాకుండా ఉండేవారు. ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ వచ్చేది. ముక్కలు పంచడంలోనే సగం సమయం గడిచిపోయేది. ఇద్దరే ఎదురెదురుగా కూర్చుని తిన్న పూట మాత్రం ఒక్కటీ లేదు.

ఈసారి పట్టుబట్టింది తొమ్మిదో తరగతి చదివే కూతురు. “పెళ్లిరోజుకు మీరిద్దరే పోండి. దాన్ని డేట్ నైట్ అంటరు” అంది. నాయనమ్మ కూడా మనవరాలి వైపే. “డేటో నైటో... పొయ్యి రాండ్రి. పిల్లకు నేను అన్నం పెడ్త” అని తలుపు దాకా వచ్చి సాగనంపింది. ఆమె పెళ్లికి పెట్టిన చీరల్లోంచి తీసిన ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా జేబులో కాదు గానీ, గుండెల్లో ఒక మాట నెల రోజులుగా మడిచి పెట్టుకున్నాడు. ఆ మాట ఆ రాత్రి బయటికి రావాలి.

యంత్రాల పక్కన ఊరు

నాచారానికి సినిమా జ్ఞాపకం ఒకటుంది. ఎన్టీ రామారావు తన రామకృష్ణా స్టూడియోను 1970లలో ఇక్కడే కట్టుకున్నారు. అటు ఉప్పల్, ఇటు మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి... ఊరి చుట్టూ పారిశ్రామికవాడలు లేచాయి. మందులు, రసాయనాలు, ఇంజినీరింగ్ పనులు, ప్యాకింగ్ యూనిట్లు. హెచ్‌ఎంటీ నగర్ లాంటి కాలనీల పేర్లలోనే కార్ఖానాల వాసన ఉంది. కార్మికులకు జబ్బు చేస్తే చూడటానికి నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి. జిల్లాల నుంచి పనికోసం వచ్చినవాళ్లు మొదట గది అద్దెకు తీసుకున్నారు. తర్వాత రెండు గదులు. పిల్లలు బడికెళ్లే సరికి ఇదే సొంతూరైంది.

దీనికి కూతవేటు దూరంలోనే మరో లోకం. హబ్సిగూడ, తార్నాక దారిలో సైన్సు సంస్థలు వరుస కట్టి ఉంటాయి. 1944లో నిజాం రాజ్యపు కేంద్ర పరిశోధనాలయంగా మొదలై నేడు ఐఐసీటీగా ఉన్నది ఒకటి. 1961లో పుట్టిన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఇంకొకటి. 1977లో ఆరంభమైన సీసీఎంబీ మరొకటి. ఇటు భూమి పొరల్ని చదివేవాళ్లు, అటు జీవకణాల్ని చదివేవాళ్లు, మధ్యలో మాత్రల్ని స్ట్రిప్పుల్లో నింపేవాళ్లు... అందరూ ఒకే రోడ్డు మీద ట్రాఫిక్‌లో చిక్కుకుంటారు.

ఇరవై ఏళ్లలో ఈ తూర్పు దిక్కు ముఖం మారింది. 2005లో ఉప్పల్ స్టేడియంలో తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో కదిలింది. 2019 నాటికి అదే లైను రాయదుర్గం దాకా వెళ్లింది. 2023లో ఉప్పల్ కూడలిపై ఆకాశ వంతెన తెరుచుకుంది. మెట్రో వచ్చాక హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ ఇటు వైపు ఫ్లాటు తీసుకున్నవాళ్లు పెరిగారు. వాళ్ల వెనకాలే కాఫీ షాపులు, బేకరీలు, పిజ్జా ఓవెన్లు వచ్చాయి.

దేశంలో పెద్ద పిజ్జా కంపెనీలు అడుగుపెట్టింది 1996లో. పిజ్జా హట్ బెంగళూరులో, డొమినోస్ ఢిల్లీలో తొలి దుకాణాలు తెరిచాయి. హైదరాబాద్‌లో ‘అసలు ఇటాలియన్’ తినాలంటే చాలాకాలం బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, మాదాపూర్‌ల వైపే వెళ్లాల్సి వచ్చేది. అదీ ఎక్కువగా స్టార్ హోటళ్లలో. నాచారం నుంచి అక్కడికి పోయి రావడమంటే ఒక ప్రయాణం. తినే అరగంట కోసం రోడ్డు మీద రెండు గంటలు. ఇప్పుడు ఆ రుచి బజ్జీల బండి పై అంతస్తుకే వచ్చి కూర్చుంది.

అచ్చుతో ముగిసే మెనూ

ఇద్దరూ కిటికీ పక్కన కూర్చున్నారు. మెనూ చేతికొచ్చింది. ఆయన మొదట చూసింది కుడివైపు అంకెల్ని. ఆమె చూసింది ఎడమవైపు పేర్లని. పాస్తా, పిజ్జా, రిసొట్టో, లజాన్యా, బ్రుస్కెట్టా, తిరమిసు... టీచరమ్మ పెదవుల్లోనే చదువుకుంటూ నవ్వింది. “అన్నీ మన మాటల్లెక్కనే ఉన్నయి. ఒక్కటి గూడ పొల్లు అక్షరంతోటి అయిపోలే” అంది.

ఆమె పట్టుకున్నది చిన్న విషయం కాదు. తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అనడం మనందరం చిన్నప్పటి నుంచీ విన్నదే. పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్లిన వెనిస్ యాత్రికుడు నికోలో కాంటీ ఆ మాట అన్నాడని చెప్పుకుంటారు. ఎవరన్నా అనకపోయినా పోలిక మాత్రం నిజం. రెండు భాషల్లోనూ మాట ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తుంది. అందుకే ఇంగ్లిష్ వాళ్ల నాలుక తిరగని ఇటాలియన్ వంటల పేర్లు నల్గొండ నోట్లో తేలిగ్గా ఇమిడిపోతాయి.

పేర్లేనా... సరుకులూ అంతే. పిజ్జా మీద పరిచే బేసిల్ ఆకు మన తులసికి దగ్గరి చుట్టం. ఎండాకాలంలో నానబెట్టి షర్బత్తులో వేసుకునే సబ్జా గింజలు ఆ బేసిల్ మొక్కవే! ఒరెగానో చల్లితే వాము వాసన తగిలినట్టుంటుంది. కారణం లేకపోలేదు. థైమాల్ అనే సువాసన పదార్థం రెండింటిలోనూ ఉంది. సేమ్యాకు వాళ్లు పెట్టుకున్న పేరు వర్మిచెల్లి. ‘చిన్న పురుగులు’ అని దానర్థం. పేరు వినకుండా తింటే బాగుంటుంది! రిసొట్టో అంటే బియ్యాన్ని కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ ముద్దగా ఉడికించడమే. మన పొంగలి చేసిన చెయ్యి దాన్ని చూసి భయపడక్కర్లేదు.

ఇక టమాటా. అది లేని ఇటలీ వంటను ఊహించలేం. అది లేని మన పప్పునూ ఊహించలేం. కానీ అది ఇద్దరికీ పరాయిదే. అమెరికా ఖండం నుంచి పదహారో శతాబ్దంలో యూరప్ చేరింది. మిరపకాయా అక్కడిదే. పోర్చుగీసు ఓడల్లో మన దేశానికొచ్చి గుంటూరు, ఖమ్మం, వరంగల్ పొలాల్లో పాతుకుపోయింది. ఇటలీ దక్షిణాన కలాబ్రియా వాళ్లకూ మిరప లేనిదే ముద్ద దిగదు. ఎక్కడినుంచో వచ్చి ఇక్కడిదైపోవడం మనుషులకే కాదు, కూరగాయలకూ అలవాటే.

చివరికి ఒక మార్గరీటా పిజ్జా, ఒక వెల్లుల్లి పాస్తా చెప్పారు. ఈశాన్య రాష్ట్రం నుంచి వచ్చిన కుర్రాడు హిందీలో రాసుకుని వెళ్లాడు. మార్గరీటాకు పెద్ద కథే ఉంది. 1889లో నేపుల్స్ వచ్చిన ఇటలీ రాణి మార్గరీటా కోసం రఫాయెలే ఎస్పొసితో అనే వంటవాడు టమాటా ఎరుపు, చీజ్ తెలుపు, బేసిల్ ఆకుపచ్చలతో జెండా రంగుల్లో దీన్ని చేశాడంటారు. చరిత్రకారులు ఈ కథను పూర్తిగా నమ్మరు. అయినా మూడు రంగులు ప్లేటులో చూస్తే కథ బాగానే ఉంటుంది. అసలు పిజ్జా మొదట్లో రాణుల తిండి కాదు. నేపుల్స్ వీధుల్లో కూలీలు నిలబడి తినే చవక రొట్టె. కింద బజ్జీల బండి దగ్గర నిలబడ్డవాళ్లకూ దానికీ చుట్టరికం అక్కడే ఉంది. నేపుల్స్ పిజ్జా తయారీ కళకు 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 2025 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సమావేశంలో మొత్తం ఇటలీ వంటకే ఆ గౌరవం దక్కింది. మన దీపావళికి గుర్తింపు వచ్చిందీ అదే సమావేశంలో!

పలుకు మీద ఉన్నప్పుడే...

పాస్తా వచ్చింది. ఆయన ఫోర్కుతో తిప్పి తిప్పి, జారిపోతుంటే చెంచా సాయం తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. “ఇంక జర ఉడకాలె” అన్నాడు. కుర్రాడిని పిలిచి చెబుదామనుకునేలోగా ఆమె ఆపింది. “ఉడికింది. పలుకు మీద దించిన్రు” అంది.

ఇటలీ వాళ్లు దీన్ని ‘అల్ దెంతె’ అంటారు. ‘పంటికి తగిలేలా’ అని అర్థం. పాస్తా చేసేది డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వతో. బయట మెత్తబడి, లోపల సన్నటి గట్టిదనం మిగిలి ఉన్నప్పుడే నీళ్లలోంచి తీసేయాలి. ఇంకో రెండు నిమిషాలు ఆగితే ముద్దయిపోతుంది. మన ఇళ్లలో పులిహోరకు, బిర్యానీకి అన్నం వార్చేటప్పుడు చూసేది ఇదే. మెతుకు వేళ్ల మధ్య నొక్కి, ‘పలుకుంది, దించెయ్’ అనే మాట వినని వంటిల్లు ఉండదు. ఎప్పుడు దించాలో తెలియడమే వంట.

మాటకూ అలాంటి సమయమే ఒకటుంటుంది. ఆయన ఫోర్కు కింద పెట్టాడు. “కంపెనీ ఇక్కడి నుంచి ఎత్తేస్తరంట” అన్నాడు.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. పక్క టేబుల్ దగ్గర పుట్టినరోజు పాట మొదలైంది. చప్పట్లు. కేకు. ఫోన్ల వెలుగు. అది అయ్యేదాకా ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు.

“ఎప్పుడు తెలిసింది?”

“నెల దాటింది.”

“నెల దినాల సంది మీలో మీరే పెట్టుకున్నరా?”

“చెప్తే పరేషాన్ అయితవని...”

“చెప్పకపోతే కానా? రాత్రులు లేచి బాల్కనీల నిలబడుతుంటే నాకేమన్న ఆరోగ్యం మంచిగలేదేమో అనుకున్న. ఆ భయం కన్న ఇది నయమే కద!”

ఆయన తలెత్తి చూశాడు. ఉద్యోగం గురించి ఆమె భయపడుతుందనుకున్నాడు గానీ, తన గురించి భయపడుతోందని నెల రోజుల్లో ఒక్కసారీ తట్టలేదు. ఇంట్లో అమ్మ ముందు, పాప ముందు ఈ సంభాషణ జరిగే వీల్లేదు. అక్కడ టీవీ ఉంటుంది, కుక్కర్ విజిల్ ఉంటుంది, రేపటి యూనిఫామ్ ఉంటుంది. ఎదురెదురుగా కూర్చుని, చేతుల్లో వేరే పని లేకుండా ఒకరి ముఖం ఒకరు చూసే చోటు ఒకటి కావాలి. ‘డేట్ నైట్’ అనే పరాయి మాట వెనకున్న అసలు సంగతి అదే.

కంపెనీ పోతే ఊరేమవుతుంది?

ఆయన బెంగ ఒక్కరిది కాదు. హైదరాబాద్ పెరిగి పెరిగి ఒకప్పటి శివారు కార్ఖానాల చుట్టూ ఇళ్లు కట్టుకుంది. పొగ, వాసన, లారీల రద్దీపై కాలనీల నుంచి ఫిర్యాదులు. ఇంకోపక్క ఆకాశానికెక్కిన భూమి ధర. కాలుష్యం ఉన్న పరిశ్రమల్ని 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపాలన్న మాట ఏళ్ల తరబడి వినిపిస్తున్నదే. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ‘హిల్ట్’ పేరుతో ఒక విధానం తెచ్చింది. 22 పారిశ్రామికవాడల్లోని సుమారు 9,292 ఎకరాల్ని, యజమానులు రుసుము కట్టి ఇళ్లు, ఆఫీసులు, వ్యాపార భవనాల వంటి అవసరాలకు మార్చుకునే వీలు కల్పించింది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పేర్లూ ఆ జాబితాలో ఉన్నాయి. దానిపై రాజకీయంగా పెద్ద దుమారమే రేగింది. భూములు ఎవరికి లాభం అన్నదాని చుట్టూనే వాదన ఎక్కువగా నడిచింది. యంత్రం ముందు నిలబడే మనిషి లెక్క వేరు.

ఆ లెక్కే ఇద్దరూ కాగితపు న్యాప్‌కిన్ మీద వేశారు. కంపెనీ ఔటర్ అవతలికి పోతే రానూపోనూ రోజుకు మూడు గంటలు. కంపెనీ బస్సు పెడితే సరే, లేదంటే? కుటుంబమంతా అక్కడికి మారితే ఆమె ఉద్యోగం పోతుంది. పాప వచ్చే ఏడు పదో తరగతి. అత్తయ్యకు షుగరు, బీపీ. ఆయన జీతం నెలకు 21,000 లోపే కాబట్టి ఈఎస్ఐ వర్తిస్తుంది. 2017 నుంచి ఆ పథకానికి అదే పరిమితి. నాచారం ఆసుపత్రికి అత్తయ్య ఒక్కతే ఆటో ఎక్కి వెళ్లి మందులు తెచ్చుకుంటుంది. కొత్త చోట అలా వెళ్లగలదా?

ఒక్కో ప్రశ్న పక్కన టీచరమ్మ ఒక్కో అంకె వేసింది. పిజ్జా చల్లారుతోంది. ఒక ముక్క ఆయన ప్లేటులో వేసి, ఎండుమిర్చి తునకలు రెండు పొట్లాలు చించి చల్లింది. “ముందుగాల తినుండ్రి. పాప పది అయ్యేదాకా ఎక్కడికి మారం. మీరు ఒక్క సంవత్సరం బస్సుల పొయ్యి రాండ్రి. ఆలోపల నేను అటు దిక్కు బడుల్ల అడుగుత. బస్సు కిరాయి నాకెట్లాగూ లేదు” అంది. నిజమే. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. చేతిలో జీరో టికెట్‌తో ఆమె నగరంలో ఏ మూలకైనా ఉద్యోగం వెతుక్కోగలదు. ఆయన చాలాసేపటికి నవ్వాడు.

చివర్లో తిరమిసు ఒక్కటే చెప్పి రెండు చెంచాలు అడిగారు. కాఫీలో ముంచిన బిస్కట్ల మీద మస్కర్పోనె చీజ్, పైన కోకో పొడి. ‘నన్ను పైకి లేపు’ అని ఆ పేరుకు అర్థం. ఇటలీ ఈశాన్యంలోని త్రెవీజో ప్రాంతం దాని పుట్టిల్లంటారు. పురాతన వంటకమేమీ కాదు, మహా అయితే మన అమ్మమ్మల వయసుంటుంది. చాయ్‌లో బిస్కట్ ముంచి తినే హైదరాబాద్‌కు దాన్ని కొత్తగా నేర్పాల్సిన పనిలేదు.

బిల్లు వచ్చింది. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జీ అని వేరే గీత ఉంటే అది తప్పనిసరి కాదని 2022లో వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. 2025లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆయన బిల్లును రెండుసార్లు చదివాడు. అలాంటి గీతేమీ లేదు. తిరిగొచ్చిన చిల్లరలో యాభై నోటు కుర్రాడికే వదిలేశాడు. మిగిలిన నాలుగు పిజ్జా ముక్కలు అట్టపెట్టెలో కట్టించుకున్నారు. న్యాప్‌కిన్‌ను ఆమె మడిచి పర్సులో పెట్టుకుంది.

ఆకు వాసన

ఇంటికి నడిచే వెళ్లారు. నాచారం రోడ్డు రాత్రి పూట మరో రకంగా ఉంటుంది. షట్టర్లు దిగుతుంటాయి. బజ్జీల బండి ఆయన మూకుడు కడుగుతుంటాడు. పారిశ్రామికవాడ వైపు నుంచి నైట్ షిఫ్ట్ కంపెనీల వెలుగు కనిపిస్తుంటుంది. గేటు ముందు నిలబడ్డ లారీల పక్కనుంచి వెళుతూ ఆయన తన కంపెనీ గోడ వైపు ఒకసారి చూశాడు. రేపెప్పుడో అక్కడ ముప్ఫై అంతస్తుల భవనం లేవొచ్చు. దాని కింద ఇంతకన్నా పెద్ద ఇటాలియన్ రెస్టారెంటూ రావొచ్చు. అందులో తినేవాళ్లకు ఇక్కడ మాత్రలు తయారయ్యేవని ఎవరు చెబుతారు?

ఇంట్లో పాప మేలుకునే ఉంది. నాయనమ్మా పడుకోలేదు. అట్టపెట్టె తెరవగానే పెద్దావిడ ముందుకు వంగి వాసన చూసింది. చీజ్ పక్కకు జరిపి ఆకు తీసి నలిపింది. “ఇది సబ్జాకు గదరా! మన ఊర్ల బాయి కాడ ఉండె” అంది.

అప్పుడు చెప్పాడాయన. కంపెనీ సంగతి, న్యాప్‌కిన్ లెక్కలు, అన్నీ. అమ్మ కంగారు పడుతుందనుకున్నాడు. ఆమె ఆకు వాసన చూస్తూనే విన్నది. “మీ నాయన పోయినంక ఒక్క ట్రంకుపెట్టె తోటి ఈడికొచ్చిన. అప్పుడు ఈ నాచారం నాకు తెలుసా? ఊరు మారుడు మనకు కొత్తనా బిడ్డా! నా గోలీల సంగతి ఒక్కటి చూసుకో, చాలు” అంది.

కోడలు పర్సులోంచి న్యాప్‌కిన్ తీసి, ‘అత్తయ్య మందులు’ అని రాసిన చోట రెండు గీతలు గీసింది. పాప అప్పటికే మూడో ముక్క మీద చెయ్యి వేసింది. నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, నాలుగో ముక్కను పెట్టెలోనే ఉంచి మూత వేసింది. “అది మీ నాయన పొద్దున షిఫ్టుకు పట్టుకపోతడు.”

సోమవారం ఉదయం ఆరింటికి, నాచారం కంపెనీ క్యాంటీన్‌లో ఓ టిఫిన్ బాక్సులో ఉప్మా పక్కన ఇటలీ రొట్టె ముక్క కనిపించాలి నిజానికి. కానీ ఆదివారం పొద్దున్నే పాప దాన్ని తినేసింది.